పాత పికప్: ముందు పానా, ఆ తర్వాతే హంగులు

1980ల నాటి టయోటా పికప్‌ను తెల్లవారుజామున, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే ఒక్కోసారి ముందు భాగం నుంచి గలగలమని శబ్దం వస్తుంది. ఆయిల్ పైకెక్కగానే ఆగిపోతుంది. యజమాని కూడా ఆ సంగతి మరిచిపోతాడు. టైమింగ్ చైన్‌కు ఆసరాగా ఉండే ప్లాస్టిక్ గైడ్ అరిగిపోయిందో, విరిగిపోయిందో చెప్పే మొదటి గుర్తు అదే. ఆసరా పోయిన చైన్ ఊగుతూ తన ముందున్న అల్యూమినియం కవర్‌ను రోజూ కొంచెం కొంచెంగా కోసుకుంటూ పోతుంది. ఆ కవర్‌లోనే నీళ్లు తిరిగే దారి ఒకటుంది. చైన్ అంతవరకూ కోసిందంటే నీళ్లు ఆయిల్‌లో కలిసి బేరింగులు దెబ్బతింటాయి. వేలల్లో తేలాల్సిన పని ఇంజన్ దించడం దాకా వెళ్తుంది.

మొదట్లో ఈ ఇంజన్లకు రెండు వరుసల చైన్ ఉండేది. 1980ల్లో టయోటా దాన్ని ఒంటి వరుస చేసి, ప్లాస్టిక్ గైడ్లు పెట్టింది. రోగం అక్కడ మొదలైంది. దాని మందు కూడా అందరికీ తెలిసిందే. స్టీలు వెన్ను ఉన్న గైడ్లు బయట దొరుకుతాయి. చైన్‌తో పాటు వాటిని వేయించుకుంటే ఆ దిగులు తీరిపోతుంది.

కానీ ఇలాంటి బండి కొత్తగా కొన్నవాళ్లలో చాలామంది మొదటి డబ్బు పెట్టేది చైన్ గైడ్ల మీద కాదు. 33 అంగుళాల టైర్లు, నాలుగంగుళాల లిఫ్ట్ కిట్, ఇనప బంపర్, పైన వరసగా లైట్లు కొంటారు. పాత పికప్‌ల చుట్టూ ప్రపంచమంతటా నడిచే వాదాల్లో అసలు ప్రశ్న ఇదే. దేన్ని ముందు బాగుచేయాలి, దేన్ని తర్వాత మార్చాలి, దేని జోలికి అసలు పోకూడదు?

ఈ ప్రశ్నకు టయోటా హైలక్స్‌ను మించిన ఉదాహరణ లేదు. 1968లో పుట్టిన ఈ బండికి 1979లో నాలుగు చక్రాల డ్రైవ్ వచ్చింది. 1980ల్లో దాన్ని లాగిన 22ఆర్ పెట్రోల్ ఇంజన్ పరిమాణం 2,366 సీసీలు. దాని బలం వంద గుర్రాలకు అటూఇటూ. అమెరికాలో హైలక్స్ అనే పేరును త్వరలోనే వదిలేసి ఉత్త ‘టయోటా పికప్’ అనే అమ్మారు. అక్కడ విదేశీ ట్రక్కుల మీద 1964 నుంచి 25 శాతం సుంకం ఉంది. యూరప్ దేశాలు అమెరికా కోడిమాంసంపై పన్ను వేసినందుకు బదులుగా వచ్చిన సుంకమది. దాన్ని తప్పించుకోవడానికి టయోటా వెనక తొట్టి లేకుండా ఛాసీ, క్యాబిన్ మాత్రమే ఓడెక్కించింది. తొట్టిని కాలిఫోర్నియాలోని లాంగ్‌బీచ్‌లో తయారుచేసి అక్కడే బిగించేది. 1985లో వచ్చిన ‘బ్యాక్ టు ది ఫ్యూచర్’ సినిమాలో కుర్ర హీరో కలలుగన్న నల్ల పికప్ ఇదే. రెండేళ్ల తర్వాత ఆఫ్రికాలో చాద్ సైన్యం టయోటా పికప్‌ల మీద ట్యాంకు విధ్వంసక క్షిపణులు బిగించి లిబియా కవచదళాలను తరిమికొట్టింది. చరిత్రలో ఆ యుద్ధానికి ‘టయోటా యుద్ధం’ అనే పేరు స్థిరపడింది.

జగిత్యాల, నిజామాబాద్, కడప, కోనసీమల నుంచి గల్ఫ్‌కు వెళ్లి సైట్లలో పనిచేసినవాళ్లకు ఈ బండిని పరిచయం చేయనక్కర్లేదు. మన దేశంలో టయోటా హైలక్స్‌ను అమ్మడం మొదలుపెట్టింది మాత్రం 2022లో. దానికన్నా ఆరేళ్ల ముందే, 2016లో, తిరుపతి దగ్గరి శ్రీసిటీలో ఇసుజు కర్మాగారం తెరిచి డీ-మ్యాక్స్ పికప్‌లను తయారుచేయడం మొదలుపెట్టింది.

హైలక్స్ పేరును ఇంటింటికీ చేర్చింది 2003 నాటి బ్రిటిష్ టీవీ కార్యక్రమం ‘టాప్ గేర్’. వెయ్యి పౌండ్లకు కొన్న 1988 నాటి డీజిల్ హైలక్స్‌ను మెట్ల మీద నుంచి దించారు, చెట్టుకు గుద్దారు, సెవర్న్ నది ముఖద్వారంలో ఆటుపోట్లకు వదిలేశారు. ఆ పైన నిప్పంటించారు. చివరికి ఒక ఎత్తైన భవనం పైకెక్కించి ఆ భవనాన్నే కూల్చేశారు. శిథిలాల్లోంచి బయటికి తీశాక బండి మళ్లీ స్టార్టయింది. ఈ కథ చెప్పేవాళ్లంతా ‘ఎంత గట్టి బండో’ అని ముగిస్తారు. అసలు సంగతి మరొకటి. ప్రతి విధ్వంసం తర్వాతా ఒక మెకానిక్ మామూలు పనిముట్లతో, కొత్త భాగాలేవీ వాడకుండా దాన్ని మళ్లీ నడిపించాడు. ఆ బండి గొప్పతనం చెడిపోకపోవడంలో లేదు, చెడినప్పుడు చేతికి అందడంలో ఉంది. పోత ఇనుము బ్లాకు, నిచ్చెనలాంటి ఛాసీ, వెనక కమాన్ పట్టీలు, చెయ్యి దూరేంత ఖాళీ ఉన్న బానెట్. ఎలక్ట్రానిక్స్ దాదాపు శూన్యం. పాత పికప్‌కు ఏ మార్పు చేసినా ఈ సుగుణాన్ని పెంచుతోందా, తగ్గిస్తోందా అని అడగాలి. చాలా మార్పులు తగ్గిస్తాయి.

మరమ్మతు అనగానే అందరి దృష్టీ ఇంజన్ మీదికి పోతుంది. కానీ ఇంజన్‌ను మార్చుకోవచ్చు, గేర్‌బాక్స్‌ను మార్చుకోవచ్చు. ఛాసీ పోతే బండి పోయినట్టే. ఈ విషయంలో టయోటా సైతం తలవంచక తప్పలేదు. అమెరికాలో 1995లో ఈ పికప్ స్థానంలోకి వచ్చిన టకోమాల ఛాసీలు చిల్లులు పడి తుప్పుపట్టిపోతున్నాయని ఫిర్యాదులు వెల్లువెత్తాయి. 2008లో కంపెనీ 1995–2000 మోడళ్లకు తుప్పు వారంటీని 15 ఏళ్లకు పెంచింది. మరీ పాడైన బండ్లను మార్కెట్ విలువకు ఒకటిన్నర రెట్లు చెల్లించి వెనక్కి తీసుకుంది. తర్వాతి తరం బండ్ల మీద నడిచిన దావా 2016లో రాజీకి వచ్చింది. ఆ ఒప్పందం విలువను 340 కోట్ల డాలర్ల దాకా లెక్కగట్టారు. ఇంజన్ లక్షల మైళ్లు నడిచినా కింద ఛాసీ పొడిపొడి అయిన బండ్లు అక్కడ కోకొల్లలు. మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పే దానికి ప్రధాన కారణం. మనకు ఆ ఉప్పు లేకపోయినా సముద్రపు గాలి ఉంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వైపు తిరిగిన బండిని కొనేవాళ్లు ముందు కింద పడుకుని చూడాలి. చిన్న సుత్తితో ఛాసీ పొడవునా తట్టుకుంటూ పోవాలి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్నది మొద్దుగా పలుకుతుంది. కమాన్ హ్యాంగర్ల చుట్టుపక్కల, వెనక ఇరుసు మీదుగా ఛాసీ వంపు తిరిగే చోట మరీ జాగ్రత్తగా చూడాలి. కిందంతా కొత్తగా నల్లరంగు కొట్టి ఉందంటే బేరం అక్కడితో ఆపేయడమే మేలు.

ఛాసీ గట్టిదని తేలాక రబ్బరు సంగతి చూడాలి. ముప్పై ఏళ్ల బుష్‌లు, బ్రేకు పైపులు, రేడియేటర్ హోసులు చూపులకు బాగానే ఉంటాయి, చేత్తో వంచితే పగుళ్లు బయటపడతాయి. ముందు ఇరుసు చివర ఉక్కు గుండ్లతో తిరిగే జాయింట్‌ను అమెరికా, ఆస్ట్రేలియా మెకానిక్‌లు బర్‌ఫీల్డ్ అంటారు. దాని సీలు పోతే ఇరుసులోని ఆయిల్ జాయింట్‌లోకి వచ్చి, అక్కడి గ్రీజుతో కలిసి నల్లటి జావై చక్రం లోపలి వైపు కారుతుంది. పని మురికిగా ఉంటుంది గానీ ఖర్చు తక్కువే. సీళ్లు, బేరింగులు మార్చి, శుభ్రంగా కడిగి, కొత్త గ్రీజు పట్టిస్తే చాలు. అదే బండికి 1980ల చివర్లో వచ్చిన 3 లీటర్ల వీ6 ఇంజన్ ఉంటే మాత్రం హెడ్ గాస్కెట్ మీద కన్నేసి ఉంచాలి. ఆ లోపం ఎంత పెద్దదంటే కంపెనీయే ప్రత్యేక సర్వీసు కార్యక్రమం పెట్టి గాస్కెట్లు మార్చింది. గుర్రాలు ఎక్కువని వీ6 వైపు మొగ్గేవాళ్లకు పాత మెకానిక్‌లు నాలుగు సిలిండర్లదే కొనమని చెప్పడానికి కారణం అదే.

మన దగ్గర దీనికి దీటైన పాత బండి మహీంద్రా జీపు. 1940ల చివర విల్లీస్ జీపుల బిగింపుతో మొదలైన ఆ వంశం ఎంఎం 540 కాలానికి ప్యూజో నుంచి లైసెన్సు తీసుకున్న 2.1 లీటర్ల డీజిల్ ఇంజన్‌కు చేరింది. దానితో పాటే వాడుకలో ఉన్న మరో డీజిల్ కుటుంబం ఇంటర్నేషనల్ హార్వెస్టర్ బీ-275 ట్రాక్టర్ నుంచి దిగివచ్చింది. అందుకే పల్లెటూళ్లో ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డులో కూడా ఆ జీపుకు వైద్యం దొరికేది. టాటా 1988లో తెచ్చిన టాటామొబైల్, ఆ తర్వాతి 207లు, బొలేరో క్యాంపర్లు కూడా ఈ బాటలోనివే. విజయవాడ ఆటోనగర్‌లో లేత్ పట్టించడం, బోర్ చేయించడం, కమాన్ కట్ట కట్టించడం, తొట్టి కొట్టించడం అన్నీ నడిచి వెళ్లేంత దూరంలోనే అవుతాయి. అమెరికా అభిమాని అంతర్జాలంలో ఆర్డరిచ్చి వారాల తరబడి ఎదురుచూసే చిన్న బుష్‌ను ఇక్కడ లేత్ మేస్త్రి ఒక మధ్యాహ్నంలో తిప్పి ఇస్తాడు. తంటా అంతా డూప్లికేట్ పార్టులతోనే. బ్రేకులు, స్టీరింగ్, బేరింగుల దగ్గర మాత్రం ఒరిజినల్ తప్ప మరొకటి ముట్టుకోకూడదు.

ఇక మార్పుల విషయానికి వస్తే, అభిమానులు ఎక్కువగా మోసపోయేది లిఫ్ట్ కిట్ దగ్గర. బండి ఎత్తు పెరిగితే రాళ్లు తగలవని అనుకుంటారు. కానీ ముందూ వెనకా ఒకే దండంలాంటి ఇరుసున్న బండిలో లిఫ్ట్ కిట్ పైకి లేపేది ఛాసీని, బాడీని. ఇరుసు మధ్యలో అన్నిటికంటే కిందికి వేలాడే డిఫరెన్షియల్ గుండు ఒక్క మిల్లీమీటరు కూడా లేవదు. దాన్ని లేపగలిగింది టైరు మాత్రమే, అది కూడా పెరిగిన ఎత్తులో సగమే. అప్పటి ఫోర్‌బైఫోర్ మోడళ్లకు ఎక్కువగా వచ్చిన 225/75 ఆర్15 టైరు ఎత్తు 28 అంగుళాల పైచిలుకు. 33 అంగుళాల టైరు వేస్తే డిఫరెన్షియల్ లేచేది రెండున్నర అంగుళాల లోపే. పెద్ద టైరు పట్టడానికి చోటు కావాలి కాబట్టి లిఫ్ట్‌కూ ఒక ప్రయోజనం ఉంది. అంతకుమించి చేసేది బరువును పైకి నెట్టడమే. ఏటవాలు గట్టు మీద బండి ఒరిగినప్పుడు ఆ తేడా డ్రైవర్‌కు అర్థమవుతుంది.

టైరు లెక్క అక్కడితో ఆగదు. 28 నుంచి 33కు పోతే చక్రం ఒక చుట్టు తిరిగినప్పుడు బండి ఆరోవంతు ఎక్కువ దూరం వెళ్తుంది. స్పీడోమీటర్ 60 చూపిస్తున్నప్పుడు నిజమైన వేగం 70. ఇరుసులో ఉన్న 4.10 నిష్పత్తి 3.5లా పనిచేస్తుంది. అసలే వంద గుర్రాల ఇంజన్. ఘాట్ ఎక్కేటప్పుడు ఐదో గేరు అలంకారానికే మిగులుతుంది, క్లచ్ ప్లేటు త్వరగా అరుగుతుంది. బరువైన పెద్ద చక్రాన్ని ఆపడానికి పాత బ్రేకులు చాలవు. దీన్ని సరిచేయాలంటే ముందూ వెనకా రెండు డిఫరెన్షియళ్లలోనూ క్రౌన్, పినియన్ మార్చి 4.88కు పోవాలి. అప్పుడే బండి మళ్లీ పాత లాగుడుకు వస్తుంది. టైర్లు కొన్నప్పుడు ఈ ఖర్చును ఎవరూ ముందుగా లెక్కేసుకోరు. లిఫ్ట్ వల్ల ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం పెరిగి యూనివర్సల్ జాయింట్లు త్వరగా పోతాయి. బ్రేకు హోసులు సాగి బిగుసుకుంటాయి. స్టీరింగ్ లింకుల వాలు మారి, గుంతలో పడగానే బండి పక్కకు లాగుతుంది. ఒక్క మార్పు చేసిన యజమాని చేతిలోకి నాలుగు మరమ్మతుల చిట్టా వస్తుంది.

అంటే ఏ మార్పూ పనికిరాదనా? కాదు. రెండు మార్పులు వాటి ఖర్చును పూర్తిగా రాబడతాయి. మొదటిది డిఫరెన్షియల్ లాకర్. మామూలు డిఫరెన్షియల్‌లో ఒక చక్రం గాల్లోకి లేచిందంటే అది ఊరికే తిరుగుతుంది, నేలమీదున్న జత చక్రానికి కదిలే సత్తా అందదు. లాకర్ ఆ రెంటినీ కట్టేస్తుంది. ఆస్ట్రేలియాలో ఆంథొనీ రొనాల్డ్ బ్రౌన్ 1975లో తన పేరులోని తొలి అక్షరాలతో పెట్టిన ఏఆర్‌బీ కంపెనీ, గాలి ఒత్తిడితో డ్రైవర్ ఇష్టప్రకారం లాక్ అయ్యే రకాన్ని ప్రపంచమంతటా అమ్మింది. నాలుగంగుళాల లిఫ్ట్ ఉండి లాకర్ లేని బండి కన్నా, ఎత్తు పెంచకుండా వెనక లాకర్ వేసిన బండి ఎక్కువ చోట్లకు చేరుతుంది. రెండోది లో రేంజ్ గేరు. టయోటా ట్రాన్స్‌ఫర్ కేస్‌లో లో నిష్పత్తి 2.28. మొదటి గేరు దాదాపు 4, ఇరుసు 4.10. ఈ మూడింటినీ గుణిస్తే 37. ఇంజన్ 37 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. రాళ్ల మీద ఇదీ వేగమే. కాలిఫోర్నియా దుకాణాలు 4.7 నిష్పత్తి గేర్లు తయారుచేసి ఆ సంఖ్యను 76 దాటించాయి. యాక్సిలరేటర్ ముట్టకుండానే బండి రాయి మీదికి పాకుతుంది. గుద్దుకోవడం తగ్గితే విరగడమూ తగ్గుతుంది. మార్పు వల్ల బండి ఆయుష్షు పెరిగే అరుదైన సందర్భమిది.

అమెరికాలో ఈ పికప్ 1985 మోడల్‌కూ 1986 మోడల్‌కూ ధరలో ఉన్న తేడాకు ఈ రాళ్లెక్కే పిచ్చే కారణం. 1986 నుంచి అక్కడి పికప్‌లకు ముందు చక్రాలు వేటికవి విడిగా కదిలే సస్పెన్షన్ వచ్చింది. హైవే మీద అది హాయి. రాళ్లెక్కే వీరులు మాత్రం అది వద్దని మొత్తం ముందు భాగాన్ని కోసి పాత దండం ఇరుసు వెల్డింగ్ చేయించుకుంటారు. ఆస్ట్రేలియా హైలక్స్‌లకు 1997 దాకా దండం ఇరుసే కొనసాగింది. వారానికి ఒకరోజు కొండ దారికి, మిగతా ఆరు రోజులు ఆఫీసుకు పోయేవాడికి ఈ కోత అవసరం లేదు. ఇంజన్ మార్పిడి గురించైతే అసలు చర్చే అక్కర్లేదు. పాత ఇంజన్ బాగున్నంత కాలం దాన్ని తీసి వీ8 పెట్టడం సరదా తప్ప అవసరం కాదు.

అన్నిటికంటే చవకైన మార్పు గాలి తీసేయడం. రోడ్డు మీద 30–35 పీఎస్‌ఐ ఉండే టైరును ఇసుకలో, రాళ్ల మీద 15–18కి తగ్గిస్తే అది పొడవుగా పరుచుకుని నేలను పట్టుకుంటుంది. ఐస్‌లాండ్‌కు చెందిన ఆర్కిటిక్ ట్రక్స్ సంస్థ 38 అంగుళాల టైర్లతో సిద్ధం చేసిన హైలక్స్‌లు 2007లో 1996 నాటి అయస్కాంత ఉత్తర ధ్రువ స్థానానికి చేరాయి. మెత్తటి మంచులో వాళ్లు ఒత్తిడిని రెండు మూడు పీఎస్‌ఐ దాకా దించుతారు. వేల రూపాయల గేజి, చిన్న కంప్రెసర్ ఉంటే చాలు, లక్షల రూపాయల సామాను చేసే పనిలో ముప్పావు వంతు అయిపోతుంది. తారు రోడ్డెక్కే ముందు మళ్లీ గాలి నింపడం మరిచిపోకూడదు. మెత్తటి టైరుతో వేగంగా పోతే టైరు వేడెక్కి పేలుతుంది.

నీళ్ల విషయంలో జనం ఇంజన్‌కు పైనుంచి గాలి అందించే స్నార్కెల్ మీద పెట్టే శ్రద్ధ, ఇరుసుకు గాలి ఆడే డిఫరెన్షియల్ బ్రీదర్ మీద పెట్టరు. వేడెక్కిన ఇరుసు ఒక్కసారిగా చల్లటి వాగులోకి దిగితే లోపలి గాలి కుంచించుకుపోయి నీళ్లను లోపలికి పీలుస్తుంది. వాగు దాటిన మర్నాడు డిఫరెన్షియల్ ప్లగ్గు విప్పి చూడాలి. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులోకి మారిందంటే వెంటనే మార్చేయాలి. బ్రీదర్ గొట్టాన్ని బానెట్ దాకా పొడిగించడానికి అయ్యే ఖర్చు కొత్త క్రౌన్ సెట్టు ధరలో వందోవంతు కూడా ఉండదు. ఇంజన్‌లోకి నీళ్లు పోతే మాత్రం కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. డీజిల్ ఇంజన్‌కు అది మరీ ప్రమాదం.

ఇరుక్కున్న బండిని లాగేటప్పుడు ప్రాణాలు పోయిన సంఘటనలు ఆస్ట్రేలియాలో ఉన్నాయి. వెనక ట్రైలర్ తగిలించే గుండుకు తాడు కట్టి లాగితే అది విరిగి, తూటాలా ఎగిరి వచ్చి తగులుతుంది. ఛాసీకి బోల్టులతో బిగించిన అసలైన కొక్కేలు, షాకిల్, సాగే తాడు తప్ప మరి దేనితోనూ లాగకూడదు. తాడు బిగిసి ఉన్నప్పుడు దాని దగ్గర ఎవరూ నిలబడకూడదు. దీన్ని చాదస్తం అనుకునేవాళ్లు ఆ తాడు తెగగా ఒక్కసారి చూస్తే చాలు.

ఇంతకీ బండి ఎక్కడ నడపాలి? అమెరికాలో మోయబ్, రూబికాన్ అనే రెండు పేర్లకు తీర్థస్థలాల హోదా ఉంది. యూటా రాష్ట్రంలోని మోయబ్‌లో 1967 నుంచి ఏటా ఈస్టర్‌కు జీపు సఫారీ జరుగుతోంది. కాలిఫోర్నియాలోని రూబికాన్ దారి 22 మైళ్లు. అక్కడ 1953 నుంచి జీపు జాంబొరీ నడుస్తోంది. ఆ రద్దీకి మూల్యం కూడా ఉంది. మోయబ్ ఎడారి నేల మీద బ్యాక్టీరియా, నాచు కలిసి కట్టిన సన్నటి సజీవ పొర ఒకటుంటుంది. ఇసుక కొట్టుకుపోకుండా దాన్ని పట్టి ఉంచేది అదే. దారి తప్పిన ఒక్క టైరు దాన్ని నలిపితే కోలుకోవడానికి దశాబ్దాలు పడుతుంది. రూబికాన్‌లో ఆయిల్ కారితే పీల్చే సామగ్రి, మలమూత్రాలు బయటికి తెచ్చుకునే సంచి వెంట ఉండాలని స్థానిక కౌంటీ నిబంధన పెట్టింది. అమెరికా అటవీ శాఖే 1985లో ‘ట్రెడ్ లైట్లీ’ పేరుతో ప్రచారం మొదలుపెట్టి బాట దాటవద్దని చెప్పింది. అభిమానుల సంఘాలే ఆ ప్రచారాన్ని తర్వాత నెత్తికెత్తుకున్నాయి. ప్రభుత్వం దారులు మూసేస్తుందేమోనన్న భయంతో చేసి ఉండవచ్చు, కానీ చేశారు.

తెలుగు నేల మీద ఈ ముచ్చట తీర్చుకోవాలంటే పరిధి ఇంకా చిన్నది. పాడేరు, అరకు మన్యంలో జీపులు ప్రజా రవాణాగా ఎన్నో ఏళ్లు కొండలెక్కాయి. అది బతుకుదెరువు. సరదా కోసం రిజర్వు అడవిలో బాట కనిపించింది కదా అని బండి దించితే ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం, 1967 కింద నేరమే. నాగార్జునసాగర్–శ్రీశైలం, అమ్రాబాద్ పులుల అభయారణ్యాల్లో వన్యప్రాణి చట్టం అంతకన్నా కఠినం. సముద్రపు ఇసుక ఖాళీగానే కనిపిస్తుంది గానీ, చలికాలం చివర మన తీరంలో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెడతాయి. ఆ ఇసుక కింద గూళ్లుంటాయి. సొంత భూమి, అనుమతితో క్వారీ, నిర్వాహకులు కట్టిన ట్రాక్ తప్ప మరో చోటు వెతక్కపోవడమే మంచిది.

చట్టం మార్పుల విషయంలో ఇంకా గట్టిగా ఉంది. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలోని వివరాలు కంపెనీ నిర్దేశించినవాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. ఇంధనం మార్చే కిట్లలాంటి కొన్నిటికే షరతులతో మినహాయింపు. కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను అక్షరాలా అమలు చేయాలంది. అదే ఏడాది వచ్చిన సవరణ ఒక్కో మార్పుకు 5 వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ విధించేలా 182ఏ సెక్షన్ చేర్చింది. ముందు ఇనప బుల్ బార్‌ల మీద 2017 డిసెంబర్‌లోనే కేంద్రం రాష్ట్రాలకు ఆదేశాలిచ్చింది. ఎఫ్‌సీకి వెళ్లినప్పుడు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ కంటికి 33 అంగుళాల టైర్లు ఆనకుండా పోవు. దానికి తోడు 2023 ఏప్రిల్ నుంచి 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాలను తుక్కు కేంద్రాలకే పంపాలని నిబంధన వచ్చింది. ఒకప్పుడు వేలంపాటల్లో దొరికే పాత సర్కారు జీపుల దారి దాదాపు మూసుకుపోయింది.

బుల్ బార్‌ను నిషేధించడం న్యాయమే. గుద్దుకున్నప్పుడు పాదచారి ప్రాణం తీసేది అదే. కానీ వెనక డిఫరెన్షియల్‌లో లాకర్ వేసుకున్న రైతునూ, కుంకుమ రంగు లైట్లు, చెవులు పగిలే సైలెన్సర్ పెట్టుకున్న కుర్రాడినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. ఆస్ట్రేలియాలో చాలావరకు 50 మిల్లీమీటర్ల లోపు ఎత్తు మార్పుకు ప్రత్యేక అనుమతి అక్కర్లేదు. అది దాటితే గుర్తింపు పొందిన ఇంజనీరు బ్రేకులు, స్టీరింగ్ పరీక్షించి సర్టిఫికెట్ ఇవ్వాలి. కాలిఫోర్నియాలో 1976, ఆ తర్వాతి మోడళ్ల పెట్రోల్ బండ్లు రెండేళ్లకోసారి పొగ పరీక్షకు పోవాలి. ఇంజన్ మార్చినవాటిని ప్రత్యేక అధికారి చూసి ఒప్పుకోవాలి. రెండు చోట్లా మార్పులకు దారి ఉంది, దారికి గేటూ ఉంది.

కేంద్ర రోడ్డు రవాణా శాఖ ఇక్కడ అలాంటి గేటొకటి పెట్టాలి. లాకర్లు, నిర్ణీత పరిమాణం లోపు టైర్లు, కంపెనీ బలాన్ని మించని స్ప్రింగులు వంటివాటికి గుర్తింపు పొందిన ఇంజనీరు పరీక్ష పెట్టి, వివరాలు ఆర్సీలో నమోదు చేయించే విధానం తేవాలి. అది వచ్చేదాకా పాత పికప్ యజమానికి చట్టప్రకారం చేతిలో ఉన్నది మరమ్మతు మాత్రమే. ఛాసీ తట్టి చూసుకోండి, చైన్ గైడ్లు మార్పించండి, బ్రీదర్ గొట్టం పైకి తిప్పించండి, గాలి గేజి కొనుక్కోండి. బిల్లులన్నీ డాష్‌బోర్డులో దాచుకోండి.